చెడిన ఆటపెట్టె

(సంఘ భవనమున ఆదివారము సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



ఆ మూలనున్న పెట్టెను మీరందరును చూచితిరి. మనిషంత యెత్తున్న చెక్కపెట్టె, నడుమ గాజుతెర, దాని క్రింద రెండు జాయ్‌స్టిక్కులు, ఎఱ్ఱనివి, పచ్చనివి కొన్ని బటన్లు. దీనిని సంఘ భవనమునకు తెచ్చుటకు మన పెద్దలలో కొందరు సమ్మతింపలేదు. "పఠనమందిరమున జూదపు పెట్టె యేల?" అని యొకరు, "చేతిలో ఫోనున్న పిల్లలకు ఈ పాత సామాను దేనికి?" అని మరియొకరు అడిగిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. సంఘపు బాధ్యతను నామీద నుంచినవారు మీరు గనుక సమాధానము చెప్పుట నా విధి. దానికి ముందు నేను రెండు తప్పులను ఒప్పుకొనవలసియున్నది. ఒకటి నిరుడు బేరములో చేసినది. రెండవది ముప్పది యేండ్ల క్రిందటిది.

ఈ పెట్టె యేమిటో తెలియనివారికి మొదట రెండు మాటలు. నాణెము వేసి ఆడు వీడియో ఆటలు 1971లో అమెరికాలో బజారునకు వచ్చినవి. మరుసటి యేడు అటారీ సంస్థవారు 'పాంగ్' అను ఆటను చేసి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ఒక పానశాలలో పరీక్షార్థము నిలిపిరి. కొలది దినములకే యది చెడినదని కబురు వచ్చెను. దానిని నిర్మించిన అల్ ఆల్కార్న్ అను ఇంజనీరు పోయి తెరచి చూడగా యంత్రమున దోషము లేదట. నాణెములు నిండి పొంగుటచేత ఆట ఆగినదట. తరువాత జపానువారు ఈ రంగమున ముందుకు వచ్చిరి. 1978లో టైటో సంస్థ 'స్పేస్ ఇన్వేడర్స్'ను, 1980లో నామ్కో సంస్థ 'పాక్‌మ్యాన్'ను తెచ్చెను. మన పెట్టెలోని ఆటను 1993లో కాప్‌కామ్ అను జపాను సంస్థ చేసెను. దాని పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. మార్క్ షుల్ట్జ్ అను అమెరికా చిత్రకారుని బొమ్మలకథ దానికి మూలము. ఆ పేరు మాకెవ్వరికిని నోరు తిరుగలేదు. అందులోని నలుగురు వీరులలో ఒకని పేరు ముస్తఫా. కావున బీదరు పిల్లలమందరమును దానిని 'ముస్తఫా ఆట' అంటిమి. దూరపు ఊళ్లలోను పిల్లలు అట్లే అనిరని పెద్దయిన పిమ్మట తెలిసినది.

ఇది జూదము కాదు. గెలిచినవానికి పైస రాదు. వేసిన రూపాయికి ఆట దక్కును, అంతే. అయినను అడిగిన పెద్దల భయము ఊరకనే పుట్టినది కాదని కూడ నాకు తెలియును. ఎట్లు తెలియునో కడపట చెప్పెదను.

1994 ప్రాంతమున మన ఊరిలో ఒక సందులో రెండు పెట్టెలుండిన దుకాణముండెను. బడి విడిచిన పిదప కన్నడము మాటలాడువాడొకడు, ఉర్దూ మాటలాడువాడొకడు, నేను, ముగ్గురము భుజము భుజము రాచుకొని ఒకే తెర ముందు నిలిచెడివారము. ఇద్దరాడగా ఒకడు చూచును. చూచువానికే నోరెక్కువ. ఆ దుకాణము మూతపడి చాల యేండ్లయినది. నిరుడు హైదరాబాదులో పాత సామానుల వర్తకుని వద్ద అటువంటి పెట్టె కనబడగానే నాకు పదునాలుగేండ్లు వచ్చినట్లయినది. అచ్చటనే నా మొదటి తప్పు.

గంజిలోని మిత్రులు వినుడు. కందుల బస్తాలో ఇనుపగొట్టము గుచ్చి, గింజను చేతిలో పోసికొని, నోట కొరికి చూడనిదే నేను ధర పలుకను. అట్టివాడను ఈ పెట్టెను కరెంటు పెట్టి చూపుమని గట్టిగా అడుగనైన లేదు. "ఇక్కడ ప్లగ్గు లేదు, సామాను మంచిదే, లోపల అసలైన జపాను బోర్డు" అని యతడనెను. నేను పదునాలుగువేల రూపాయలు లెక్కపెట్టి యిచ్చితిని. ఇంటికి తెచ్చి స్విచ్చి వేయగా తెర నల్లగానే యుండెను. లోపలనుండి ఎలుకల కంపు మాత్రము వచ్చెను. ఫోను చేసితిని. "అమ్మిన సరుకు తిరిగి తీసికొనము" అనెను. అట్టి బోర్డే నా అంగడి గోడమీదను తగిలించియున్నది. ఆ వారమే దానిని దింపివేసితిని.

నా భార్య, "దీనిని కోళ్లగూడు చేయుడు" అనెను. పాతబస్తీలో టెలివిజన్లు బాగుచేయు ఒక వృద్ధుడున్నాడు. గాజుగొట్టపు టెలివిజన్ల ఉత్పత్తి ఆగిపోయినది గనుక ఆయనకు పని తగ్గినది. అందరును ఆయనను ఉస్తాదు అందురు. ఆయన వచ్చి, పెట్టె వెనుక తలుపు తెరచి, చాలసేపు ఏమియు ముట్టుకొనక చూచెను. "సేఠ్‌జీ, దీనిలో స్విచ్చి వేసినది మీరేనా?" అనెను. అవునంటిని. "మీరు అదృష్టవంతులు" అనెను. ఎర్తు తీగను ఎవరో కత్తిరించి ముడివేసియుండిరి. బటన్లు బిగించిన రేకు ఇనుపది. ఎలుక కొరికిన తీగలలో నొకటి ఆ రేకునకు వేలెడు దూరమున వ్రేలాడుచుండెను. పిల్లవాడు చేయి వేయు చోటది.

నేర్వదలచినవారికి ఆయన పనిచేసిన క్రమమును చెప్పెదను.

మొదట ప్లగ్గు తీసి, గాజుగొట్టములోని విద్యుత్తును తొలగించెను. రంగుల తెర నడుచునప్పుడు ఆ గొట్టమునకు 20,000 వోల్టులకు మించిన పీడనము పోవును. కరెంటు ఆపిన తరువాతను ఆ గొట్టము దానిని కొంతకాలము దాచుకొనును. తెలియనివారు వెనుకవైపున చేయి పెట్టరాదు. పిమ్మట పాత ఎర్తు తీగను పారవేసి క్రొత్తది వేసెను. ఆ తరువాత నూరు వాట్ల బల్బును వరుసలో కలిపి కరెంటు ఇచ్చెను. మన మెకానిక్కులు దీనిని సీరీసు బోర్డు అందురు. లోపల ఎక్కడనైన తీగలు కలిసియున్నయెడల ఆ బల్బు నిండుగా వెలుగును, యంత్రము కాలిపోదు. మన బల్బు ఒక్కసారి వెలిగి మసకబారెను. "ప్రాణమున్నది" అనెను ఉస్తాదు.

కొంతసేపటికి తెర నడుమ అడ్డముగా ఒక తెల్లని గీత వచ్చెను. నాకు దిగులు పుట్టెను. ఆయనకు సంతోషము కలిగెను. గీత కనబడినదనగా గొట్టము మంచిదన్నమాట. బొమ్మను పైకి క్రిందికి పరచు భాగము మాత్రమే చెడినది. భూతద్దము పెట్టి చూపగా అచ్చట టంకము చుట్టును వెండ్రుకవంటి పగుళ్లున్నవి. ఒక ఐ.సీ. కాలియున్నది. కెపాసిటర్లు ఎండి ఉబ్బియున్నవి. వానిని నేను హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో వెదకి తెచ్చితిని. కాలిన ఐ.సీ.కి బదులు తెచ్చినది అరువది రూపాయలు. అరువది రూపాయల వస్తువు లేక ఈ పెట్టె పాత యినుములోనికి పోవలసినది.

తరువాత బోర్డు వంతు. దానికి 5 వోల్టులు కావలయును. మీటరు పెట్టగా 4.4 మాత్రమే అందుచుండెను. విద్యుత్తునిచ్చు పెట్టెను మార్చి, సరిగా 5 వోల్టులకు త్రిప్పితిమి. బోర్డు అంచున తీగలు తగులు పలకలకు నల్లని మసి పట్టియుండగా, పిల్లల రబ్బరుతో రుద్ది, స్పిరిటుతో తుడిచితిమి. ఇచ్చట మాకొక మేలు కలిసివచ్చినది. 1985లో జపానులోని ఆటయంత్రముల ఉత్పత్తిదారుల సంఘము ఒక కట్టుబాటు చేసెను. ఏ సంస్థ బోర్డయినను దాని అంచున ప్రక్కకు 28 చొప్పున 56 పలకలుండవలెను. ఏ పలకకు ఏ తీగయో ముందే నిర్ణయము. దీనిని 'జామా' పద్ధతి అందురు. మన దేశమున 1956 చట్టము తరువాత శేర్లు, మణుగులు పోయి ఊరూరికిని ఒకే కిలో వచ్చినట్లే యిది. ఆ పటము చూచి ఎలుక కొరికిన తీగలను ఒకటొకటిగా అతికితిమి. ఎఱ్ఱరంగు తీగ తెగుటచేత బొమ్మలన్నియు నీలి, ఆకుపచ్చ వన్నెలతో రోగులవలె నుండెను. అది అతుకగానే ముస్తఫా పసుపుపచ్చని టోపీతో ముప్పది యేండ్లకు మరల నా యెదుట నిలిచెను. నేను చప్పట్లు కొట్టితినని నా కుమారుడు ఇంకను నవ్వుచున్నాడు.

అయితే ఉస్తాదు బోర్డును వెలుతురున పెట్టి, "సేఠ్‌జీ, ఇది అసలు సరకు కాదు" అనెను. కాప్‌కామ్‌వారు ఈ ఆట బోర్డుమీద ఒక బ్యాటరీ నుంచిరి. నకలు చేయువారికి చిక్కకుండ లోపలి సంకేతమును అది కాపాడును. బ్యాటరీ అయిపోయిన నాడు ఆ సంకేతము చెరిగి అసలు బోర్డే పనికిరాకుండ పోవును. మన బోర్డుమీద బ్యాటరీ లేదు, ఐ.సీ.ల మీది పేర్లు గీకివేసియున్నవి. ఇది నకలు. అసలు దానికి చావు వ్రాసిపెట్టిరి, నకలు బ్రతికియున్నది. నా బాల్యములో నేను రూపాయలు పోసిన ఆటయు నకలే యగునేమో. వర్తకునికి ఇది మింగుటకు కష్టమైన మాట.

అప్పుడు నాకు రెండు త్రోవలు కనబడినవి. పాత గొట్టమును, బోర్డును పారవేసి, పలుచని క్రొత్త తెరయు, అరువది ఆటలున్న చిన్న బోర్డును పెట్టుట యొకటి. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట రెండవది. మన మహమూద్ గవాన్ మదరసాను రోజును చూచుచున్నాము. 1472 నాటి కట్టడము. ముందరి రెండు మినారులలో ఒకటి పోయినది, ఒకటి నిలిచినది. పోయినదానికి బదులు సిమెంటుతో మరియొకటి లేపలేదు గనుకనే నిలిచినదాని పలకల రంగును మనము నమ్ముచున్నాము. నేను రెండవ త్రోవనే పట్టితిని. చెడినదానిని మాత్రము మార్చితిని. ఏది పాతది, ఏది క్రొత్తది, ఏది నకలు అను సంగతి తెలుగులో వ్రాసి వెనుక తలుపునకు లోపల అంటించితిని. రేపు ఎవరికైన అమ్మవలసివచ్చిన ఆ కాగితముతోనే అమ్మవలెను.

లెక్క చెప్పెదను. పెట్టె వెల 14,000, లారీకూలి 2,500, విద్యుత్తు భాగము 900, ఐ.సీ., కెపాసిటర్లు, తీగలు 360, వాననీటికి ఉబ్బిన అడుగుచెక్క మార్చుటకు 1,800, జాయ్‌స్టిక్కులు, బటన్లు 2,400, ఉస్తాదుగారికి 3,000. వెరసి 24,960 రూపాయలు. ఇందులో సంఘపు సొమ్ము ఒక్క పైసయు లేదు. ముందే స్విచ్చి వేసి చూచియుంటినేని వెల సగమునకు దిగియుండెడిది. కావున పాత యంత్రము కొనువారికి నా మనవి: నడిపి చూపనిదే ధర పలుకవలదు, వెనుక తలుపు తెరువనిదే డబ్బు తీయవలదు, మీ జ్ఞాపకమును బేరమునకు వెంట తీసికొని పోవలదు.

ఇక రెండవ తప్పు.

అడుగుచెక్క మార్చుటకు పెట్టెను పండబెట్టగా, నాణెముల డబ్బా వెనుక దుమ్ములో నాలుగు పాత రూపాయలు దొరికినవి. 1992 తరువాత వచ్చిన ఉక్కు రూపాయలు. 25 మిల్లీమీటర్ల వెడల్పుగలవి. 2011 నుండి వచ్చిన రూపాయి అంతకంటె చిన్నది. ఈ పెట్టె దానిని ఒప్పుకొనక క్రిందికి జార్చివేయుచున్నది. ఆ పెద్ద రూపాయిని అరచేతిలో నుంచుకొనగానే దాని బరువు నా చేతికి గుర్తున్నది. ఎందుకనగా అట్టివానిని నేను మా నాయనగారి గల్లాపెట్టెలోనుండి తీసెడివాడను. రోజుకొకటి; ఒక్కొక్కనాడు రెండు. కొన్ని నెలలు తీసితిని.

దీపావళి లెక్కలలో తేడా వచ్చెను. మా అంగడిలో ఆరేండ్లుగా ఒక గుమాస్తాగారు పనిచేయుచుండిరి. మా నాయనగారు ఆయనను తిట్టలేదు. "రేపటినుండి రావలదు" అని మాత్రమనిరి. నేను బస్తాల ప్రక్కన నిలిచి వింటిని. నోరు విప్పలేదు. ఆ సాయంకాలము కూడ ఆటకు పోతిని. మా నాయనగారు 2011లో కాలము చేసిరి. వారికి నిజము తెలియకయే పోయిరి.

ఆ నాలుగు రూపాయలు దొరికిన తరువాతి వారము నేను హుమ్నాబాదు పోతిని. ఆ గుమాస్తాగారు అచ్చట కుమారునివద్ద నున్నారు. జరిగినది చెప్పి, వెంట తీసికొనిపోయిన పైకమును ముందు పెట్టితిని. ఆయన దానిని ముట్టలేదు. "చిన్న సావుకారుగారూ, ఆనాడే మీ నాయనగారితో ఒక్కమాట చెప్పియుంటే చాలును గదా. గల్లా దగ్గర చేయి పెట్టినాడన్నవానికి గంజిలో లెక్కపుస్తకము ఎవరిత్తురు? ఎనిమిది నెలలు హమాలీ పని చేసితిని. ఆడపిల్ల పెండ్లి ఒక యేడు ఆగినది" అనిరి. నాకు బదులు పలుకుటకు నోరు రాలేదు. కొంతసేపటికి మరల ఆయనయే, "డబ్బు వలదు. మాట పోయినచోటనే మాట రావలెను. మనవాళ్ల నడుమ చెప్పుడు" అనిరి.

కావున చెప్పుచున్నాను. ఆ దొంగతనము నాది. ఆయనది కాదు. మీలో పెద్దలకు వారెవరో తెలియును. నేడు వారు నా మాట మన్నించి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఈ ప్రసంగమును మన వారపత్రికలో అచ్చువేయుమని కార్యదర్శిగారిని నేనే కోరితిని. గంజిలో ఆనాడు విన్నవారు, వారి పిల్లలు దీనిని చదువవలెను. తెగిన తీగకు మీటరు పెట్టిన తెలియును. ఆయన పోగొట్టుకొన్న ఎనిమిది నెలలను అతుకు విద్య నాకు రాదు.

పెద్దల మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదియే. చెడుపు పెట్టెలో లేదు, కాని దాని నాణెపు రంధ్రమునకు పిల్లవాని చేయి గల్లాపెట్టెవరకు సాగగలదు. అందుచేత ఆ రంధ్రమును రేకుతో మూసివేసితిమి. లోపల ఒక బటను అమర్చి, పర్యవేక్షకుడు నొక్కిననే ఆట మొదలగునట్లు చేసితిమి. ఇక్కడ ఎవ్వరును ఒక్క రూపాయియు ఇయ్యవలదు. ఆదివారము నాలుగు గంటలనుండి ఆరువరకు మాత్రమే తెరచియుండును. జతకు పది నిమిషములు. పరీక్షల నెలలో తాళము. తల్లిదండ్రులకు ఒక మాట: గల్లాలో లెక్క తప్పిననాడు పరాయివానిని అనుటకు ముందు ఇంటిపిల్లవానిని కూర్చుండబెట్టి అడుగుడు, వాడు నిజము చెప్పిన కొట్టవలదు. కొట్టుదురను భయమే నా నోరు మూసినది.

రెండవ ప్రశ్న, ఫోనుండగా ఇదేల యని. ఈ ఆట ఫోనులోను దొరకునట. అయినను ఫోను ముందు ఒక్కడే కూర్చుండును. ఈ పెట్టె ముందు ఇద్దరు నిలువవలెను, మూడవవాడు తన వంతుకై ఆగి చూడవలెను. మన పిల్లలకు వంతు కొరకు ఆగుట అలవాటు తప్పుచున్నది. అంతేగాక, ఉస్తాదుగారికి డెబ్బది దాటినవి. ఆయన వద్ద సీరీసు బోర్డు కట్టుట, టంకము వేయుట నేర్చుకొనుటకు పదవ తరగతి దాటిన ఇద్దరు బాలురు కాని బాలికలు కాని కావలయును. ఈ పెట్టె మరల చెడును. ముప్పది యేండ్ల తీగలు ఊరకుండవు. చెడిననాడు దానిని తెరువగలవారు మన ఇండ్లలోనే ఉండవలెనని నా కోరిక. పేర్లను నేటి సాయంకాలమే నావద్ద వ్రాయించుడు. సామానునకగు ఖర్చు నాది.

ఇక మాటలు చాలును. మొదటి ఆటకు బటను నొక్కుటకు మా గుమాస్తాగారిని వేడుచున్నాను. "నాకు ఆడుట రాదు" అని యిందాక అనిరి. ప్రక్కన నిలిచి చెప్పుటకు పిల్లలున్నారు.